పెనం పట్టిన రోజు కూలి

తిరుపతిలో దాదాపు ముప్పై ఏళ్ళుగా హోటలు వంటింట్లో ఉన్నాను. బస్సు దిగి, కొండ బస్సు ఎక్కేలోపల గబగబా టిఫిను తిని పోయే జనంలో నా చేతి దోశ తిన్నవాళ్ళు ఎంతమందో నాకే తెలియదు. వాళ్ళెవరూ వంటింటి వైపు తిరిగి చూసి ఉండరు, చూడాల్సిన పనీ లేదు. కానీ నేను మధ్యాహ్నాలు చదువుకునే శాఖా గ్రంథాలయంలో నేత కార్మికుల మీద పుస్తకం ఉంది, బీడీ కార్మికుల మీద ఉంది, రైతుల మీదయితే ఒక బీరువా నిండా ఉన్నాయి. పొయ్యి ముందర నిలబడి బతికేవాడి జీతం ఇన్నేళ్ళలో నిజంగా పెరిగిందా లేదా అని చెప్పే పుస్తకం కోసం ఈ ఎండాకాలం అరలన్నీ వెతికాను. దొరకలేదు. గ్రంథాలయాధికారి కూడా నాతోపాటు గాలించి, చేతుల దుమ్ము దులుపుకుంటూ, "నువ్వే రాసెయ్యప్పా, తెచ్చిస్తే నంబరేసి అరలో పెడతా" అన్నాడు. ఆయన తమాషాకే అన్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను.

రాయడానికి ఇంకో కారణం ఉంది. కూలి లెక్క చూసుకోబోయి ఈ ఏడు నేను ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ దిమ్మెరపోయాను. మా వంటింట్లో ఇలాంటివి నాలుగు రోజులు మాట్లాడుకుంటారు. తర్వాత "ఏదోలే, అప్పటికన్నా ఇప్పుడు మేలు కదా" అని కొందరు, "ఆ కాలమే బాగుండె" అని కొందరు అనేసి ఊరుకుంటారు. రెండూ నోటి అలవాటుగా వచ్చే మాటలే. నేను చూసింది ఆ రెండూ కాదు. నాకూ అలవాటయి చప్పబడిపోకముందే రాసిపెడుతున్నాను.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. గ్రంథాలయానికి పోయింది చదువు కోసం కాదు, ఫ్యాను కోసం. హోటలు పని రెండు పూటలు. తెల్లవారకముందు పొయ్యి వెలిగిస్తే పదకొండుకు ఆర్పుతాం, మళ్ళీ సాయంత్రం నాలుగుకు వెలిగిస్తాం. ఆ నడుమ నడుం వాల్చడానికి హోటలు మేడ మీద రేకుల షెడ్డు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద పడుకోవడం కన్నా పెనం ముందర నిలబడటమే నయం. రెండు వీధుల అవతల గ్రంథాలయంలో ఫ్యాను తిరుగుతుందని తెలిసి, పోయి బల్ల మీద తల పెట్టి నిద్రపోయాను. అప్పటి అధికారి తట్టి లేపాడు. "ఈడ పండుకోకూడదు. చదివేవాళ్ళకే ఫ్యాను" అన్నాడు. చేతికి అందిన పుస్తకం తీసి ముందర పెట్టుకున్నాను. అగ్నిపర్వతాల గురించి అది. రెండు పేజీలు చూసి నిద్రపోదామనుకున్నవాణ్ణి సాయంత్రం పొయ్యి వెలిగించడానికి ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాను. ఈ రోజుకు ఆ గ్రంథాలయంలో నేను ముట్టని అర ఒక్కటే, జ్యోతిషం. గొప్పకే చెబుతున్నాను. మధ్యాహ్నం నిద్రలన్నీ పోగొట్టుకుని సంపాదించుకున్న గొప్ప అది.

మా వంటింట్లో ఒక ఆచారం ఉంది. వేరే హోటళ్ళలో ఉందో లేదో తెలియదు. గ్లాసులు కడగడానికో, పిండి రుబ్బడానికో చేరినవాడు కొన్నేళ్ళకు మాస్టరయి మొదటిసారి పెనం పట్టిన రోజు, ఆనాటి కూలి చేతికి తీసుకోడు. ఆ కూలికి గోడ మీది బోర్డు ధరన ఎన్ని మసాలా దోశలు వస్తాయో అన్ని తనే పోసి వంటింట్లో వాళ్ళకు పెడతాడు. ధరలో ఒక్క రూపాయి తగ్గదు. తగ్గిస్తే అది ఓనరు పెట్టిన తిండి అవుతుంది, మాస్టరు పెట్టింది కాదని మా పాత మాస్టర్ల పట్టింపు. పెట్టడానికి వరస ఉంది. పెద్ద మాస్టరుతో మొదలయి, సాంబారు, వడ, పరోటా, రుబ్బేవాళ్ళు, కడిగేవాళ్ళు అని పోతుంది. దోశలు ఎక్కడ అయిపోతే అక్కడ ఆగిపోతుంది. దోశ అందనివాళ్ళు చప్పట్లు కొడతారు.

నేను పెనం పట్టిన రోజు పది దోశలు వచ్చాయి. అప్పుడు మాస్టరు కూలి రోజుకు అరవై రూపాయలు, మసాలా దోశ ఆరు రూపాయలు. పదో దోశ గ్లాసులు కడిగే పెద్దాయనకు పోయింది. ఆయన తర్వాత టేబుళ్ళు తుడిచే ఇద్దరు మిగిలారు. తడిగుడ్డలు భుజాన వేసుకుని ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

ఈ ఎండాకాలం చివర్లో, పుంగనూరు వైపు నుంచి వచ్చి మా దగ్గర చాన్నాళ్ళు పిండి రుబ్బిన ఒకతను పెనం పట్టాడు. ఇద్దరు బిడ్డల తండ్రి. ఇప్పుడు పెద్ద మాస్టరును నేనే కాబట్టి మొదటి దోశ నాకు వచ్చింది. అంచులు కరకరలాడుతూ బాగా పోశాడు. తింటూ లోపల సంతోషపడుతున్నాను. మాస్టరు కూలి అరవై నుంచి ఎనిమిది వందలకు వచ్చింది కదా, ఈసారి టేబుళ్ళు తుడిచేవాళ్ళకు కూడా అంది, ఇంకా మిగులుతాయని అనుకుంటున్నాను. గ్లాసులు కడిగే ఆమెకు ప్లేటు అందించి, కొత్త మాస్టరు పెనం మీద నీళ్ళు చల్లాడు. పొగ లేచింది.

టేబుళ్ళు తుడిచే ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కొత్త మాస్టరు నా మొహం చూసి భయపడ్డాడు.

"ఏమప్పా, ఉప్పు జాస్తి అయిందా?"

"ఉప్పు కాదబ్బా. పదే వచ్చినాయా?"

"ఎనిమిదొందలు. దోశ ఎనబై. పదే వస్తాయి. పదకొండోది ఓనరు ఇస్తాడా ఏంది?"

"నేను పెనం పట్టిన పొద్దు గూడా పదే."

పరోటా మాస్టరు తమిళనాడులోని గుడియాత్తం మనిషి. మా తెలుగు వచ్చినంత బాగా ఎగతాళి కూడా వచ్చు. చేతి పిండి దులుపుకుంటూ, "అరవై అప్పుడూ పది, ఎనిమిదొందలప్పుడూ పది. నడుమ ఎవురన్నా తినేసినారా అన్నా?" అన్నాడు.

నేను పొరపాటు పడుతున్నానేమో అనుకున్నాను. వడ మాస్టరు కాదన్నాడు. "పదే. నాకు బాగా గుర్తుండాది. ఆ పొద్దు సప్పట్లు కొట్టిన ఇద్దర్లో నేనొకణ్ణి గదా. దోశ వాసన చూసుకుంటా కొట్టినా." అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇన్నేళ్ళూ నా జీతం పెరిగిందనే నమ్మాను. పెరిగిందీ నిజమే. కడిగేవాడుగా చేరాను, రుబ్బాను, మాస్టరునయ్యాను, పెద్ద మాస్టరునయ్యాను. పై మెట్టుకు పోయినప్పుడల్లా ఎక్కువ వచ్చింది. కానీ నేను దాటి వచ్చిన మెట్టు మీద ఇప్పుడు నిలబడినవాడికి, అప్పుడు నాకు వచ్చినన్ని దోశలే వస్తున్నాయి. నేను ఎక్కాను, మెట్టు మాత్రం అక్కడే ఉంది. ఈ సంగతి ఇన్నేళ్ళు పక్కనే ఉండి నాకు కనపడలేదు.

మరునాటి మధ్యాహ్నం గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన పాత ఆర్థికశాస్త్రం పుస్తకం ఒకటి తీశాను. డిగ్రీ పిల్లలది. చేతికి వచ్చే డబ్బును ద్రవ్య వేతనం అంటారని, ఆ డబ్బుతో ఎన్ని వస్తువులు వస్తాయో దాన్ని నిజ వేతనం అంటారని అందులో ఉంది. అంటే మా వంటింటి పాత మాస్టర్లు పుస్తకం చదవకుండానే నిజ వేతనం కొలిచే ఆచారం పెట్టుకున్నారు. ఒళ్ళు పులకరించింది. ఇంకో గంట కూర్చుని ఆలోచిస్తే ఆ ఆచారంలో ఒక లోపం కూడా దొరికింది. దోశ ధరలో మినప్పప్పు, నూనె, గ్యాసుతోపాటు నా కూలి కూడా ఉంది. నా కూలి పెరిగితే దోశ ధర పెరుగుతుంది. ఆ దోశతో మళ్ళీ నా కూలినే కొలిస్తే ఏం తేలుతుంది? నా చేతులు పడని వస్తువుతో కొలవాలి. బియ్యంతో కొలిచాను. అప్పటి కూలికి ఆరు కిలోల మంచి బియ్యం వచ్చేవి. ఇప్పుడు పద్నాలుగు వస్తాయి. రెట్టింపు దాటింది!

పరుగున వచ్చి వంటింట్లో చెప్పాను. పరోటా మాస్టరు చెయ్యి ఆపకుండా విన్నాడు.

"నిన్న పేదోళ్ళం. ఈ పొద్దు షావుకార్లం. బియ్యం మూట యాడ దించుకోవాలన్నా, ఈడనా, షెడ్డులోనా?"

"నవ్వుకో. పుస్తకంలో ఉండే పద్ధతే ఇది."

"అట్టయితే నా పరోటాకు మైదా గూడా పుస్తకంలోంచే తెప్పించు."

ఆ వారంలోనే ఓనరు మమ్మల్ని గల్లా దగ్గరకు పిలిచాడు. మేడ మీద షెడ్డు కూలగొట్టి లాడ్జి గదులు కడుతున్నాడు. ఇకమీదట ఎవరి పడక వాళ్ళు చూసుకోవాలి. హోటల్లో తిండి కూడా మూడు పూటలు ఉండదు, పనిలో ఉన్నప్పుడు ఒక టిఫిను మాత్రం. దానికి బదులుగా మాస్టర్లకు రోజుకు నూటయాభై పెంచుతున్నాడు. అంటే తొమ్మిది వందల యాభై. ఒకేసారి అంత పెంచడం మా హోటలు చరిత్రలో లేదు. వంటింటికి తిరిగి వస్తూ వడ మాస్టరు నా వీపు మీద చరిచి, "నీ బియ్యం ఇంగా రెండు కిలోలు పెరిగినాయప్పా" అన్నాడు.

నాకు అది వరంలా కనిపించింది. దానికి కారణం నా కూతురు.

మా ఊరు బంగారుపాళ్యానికి దగ్గర. నా భార్య మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోతుంది. సొన పడి ఆమె వేళ్ళ మీద చర్మం ఎప్పుడూ నల్లగా పొరలు లేచి ఉంటుంది. కూతురు ఇంటరు మంచి మార్కులతో ముగించింది. తిరుపతిలో డిగ్రీలో సీటు వచ్చింది. చిత్తూరులో బస్సు మారి రోజూ వచ్చిపోయే దూరం కాదు. హాస్టలంటే నా భార్య ఒప్పుకోలేదు. "నువ్వు ఆడ, నేను ఈడ, బిడ్డ ఇంగో తావనా? అందరం ఒక ఇంట్లో ఉండేటట్టయితే సదువు. లేదంటే నాతో పాటు ఫ్యాక్టరీకి వస్తాది. ఇద్దరం కోస్తే ఇంట్లోకి ఆసరా" అని తేల్చేసింది. సీటు ఖాయం చేసుకోవడానికి ఆ నెలాఖరు వరకే గడువు. పాప ఇంటి దగ్గర దిగులుగా ఉంది. అప్పటికే రెండు రోజులు తల్లితో ఫ్యాక్టరీకి పోయి వచ్చిందని ఫోనులో విన్నాను.

అందుకే ఆ రాత్రే ఫోను చేసి చెప్పాను. "ఎట్టాగూ నేను షెడ్డు కాళీ చేయాల్సిందే. ఈడనే ఒక ఇల్లు బాడుగకు తీసుకుందాం. మీరిద్దరూ వచ్చేయండి. నా కూలి రెట్టింపు దాటిందని లెక్క వేసినా. పాప నడిచిపోవచ్చు కాలేజీకి." అవతల పాప గట్టిగా అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది.

నా భార్య ఒక రోజు కూలి వదులుకుని వచ్చింది. మధ్యాహ్నం విరామంలో ఇద్దరం ఇళ్ళు చూడటానికి బయలుదేరాం. మొదటి రెండు ఇళ్ళ ధరలు విని, ఇవి బాగా ఉన్నవాళ్ళ ఇళ్ళులే అనుకుని చిన్న సందులోకి తిరిగాం. మూడో ఇల్లు మేడ మీద. ఒక గది, పక్కన వంటకు ఇరుకు చోటు, బయట బాత్రూము. ఇంటి యజమానురాలు పూలు కడుతూ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఎంతమంది?" అని అడిగింది.

"ముగ్గురమమ్మా."

"ఏం పని?"

"హోటల్లో దోశ మాస్టరు."

ఆమె నా భార్య వైపు తిరిగి, "అయితే నీకు వంట బాధ లేదే" అంది.

"ఇంటికొస్తే నీళ్ళు గూడా ముంచుకోడమ్మా" అంది నా భార్య. ఇద్దరూ నవ్వుకున్నారు. బాడుగ చెప్పినప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. ఏడు వేలు. నీళ్ళకు మూడు వందలు. కరెంటు మీటరు ప్రకారం. ఆరు నెలల బాడుగ అడ్వాన్సు.

"కిటికీలో నుంచి కొండ కనపడతాది" అని ఆమె చెప్పింది.

"కొండకు ఎంత ఏసినావమ్మా ఇందులో?" అని నా భార్య అడిగింది.

నాకు ఏదో తట్టి, "అమ్మా, శానా ఏండ్ల కిందట, దోశ ఆరు రూపాయలప్పుడు, ఈ గదికి బాడుగ ఎంత?" అని అడిగాను. ఆమె పూలు పక్కన పెట్టి ఆలోచించింది. "మా అత్త బతికుండంగా కదా. ఇదే గది. మూడొందలు. గుమాస్తా ఒకాయన ఉండె" అంది.

మూడు వందలంటే అప్పటి మాస్టరుకు ఐదు రోజుల కూలి. ఏడు వేలంటే, పెంచకముందు ఎనిమిది వందల లెక్కన, ఇప్పటి మాస్టరుకు దాదాపు తొమ్మిది రోజుల కూలి. ఎండలో మెట్ల మీద నిలబడి ఆ లెక్క వేసుకున్నాను. గోడ పట్టుకున్నాను. అదే గది, అదే కిటికీ, అదే కొండ. బియ్యంతో కొలిస్తే రెట్టింపు దాటిన నా కూలి, ఈ గదితో కొలిస్తే సగానికి దగ్గరగా పడిపోయింది.

"ఏమయ్యా, వడదెబ్బ తగిలిందా?" అని నా భార్య చెయ్యి పట్టుకుంది.

తిరిగి వస్తూ కిరాణా కొట్లో నీళ్ళు తాగాం. కందిపప్పు ధర, నూనె ధర ఊరికే అడిగాను. పాల ప్యాకెట్టు, గ్యాసు బండ కూడా. నా భార్యకు అవన్నీ మామూలు ధరలే. నాకు ఒక్కొక్కటీ మొహాన కొట్టినట్టు ఉంది. ముప్పై ఏళ్ళు వంటింట్లో ఉండి కూడా నేను నా కోసం ఒక పూట తిండి కొనుక్కోలేదు, ఒక రాత్రి పడకకు డబ్బివ్వలేదు. హోటలు మనుషులకు తెలిసిన ధరలు గోడ మీది బోర్డు ధరలే. ఇక బియ్యం సంగతి. సెలవు మీద ఊరికి పోయినప్పుడల్లా రేషను బియ్యం మూట నేనే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. మా ఇంట్లో డబ్బు పెట్టి బియ్యం కొనేది పండగకో, చుట్టాలు వస్తేనో. నేను కొననే కొనని దానితో నా కూలి కొలిచి, పెరిగిందని చంకలు కొట్టుకున్నాను.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. నా కూలి ఎప్పుడూ అరవై కాదు, ఎనిమిది వందలూ కాదు. షెడ్డులో పడక, మూడు పూటల తిండి, దాని మీద డబ్బు. మూడూ కలిస్తేనే కూలి. ఆ రేకుల షెడ్డును నేను తిట్టుకున్నానే కానీ, అది జీతంలో భాగమని ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు రెండు పూటల తిండి బయట తింటే రోజుకు నూట అరవై. గదిని పంచుకున్నా పడకకు ఇంకో ఎనభై. తీసేసింది రెండు వందల నలభై, పెంచింది నూటయాభై. వీపు చరుచుకుని సంతోషపడిన రోజునే మా అందరి జీతం తగ్గింది. ఎవరం గుర్తుపట్టలేదు. గ్రంథాలయమంతా చదివిన నేనూ గుర్తుపట్టలేదు.

భార్యను బస్సెక్కించి వంటింటికి వచ్చి చెప్పాను. పరోటా మాస్టరు రెండు చేతులూ నడుముకు పెట్టుకున్నాడు.

"మొదట పేదోళ్ళం అంటివి. ఆపైన షావుకార్లం అంటివి. ఇప్పుడు మళ్ళా పేదోళ్ళమా? ఒక మాట మీద నిలబడన్నా, మా పెండ్లాలకు ఏమని సెప్పేది?"

కానీ తిండి లెక్క, పడక లెక్క వివరంగా చెప్పేసరికి అతని నవ్వు పోయింది. వేలితో పిండి బల్ల మీద తనే ఒకసారి వేసి చూసుకున్నాడు. పిండి తుడిచేసి, "పద, ఓనరు తావకు" అన్నాడు.

మాస్టర్లందరం గల్లా ముందర నిలబడ్డాం. ఓనరు కళ్ళజోడు పైకి తోశాడు.

"ఏందప్పా, వంటిల్లంతా కదిలొచ్చినాది? పొయ్యి ఎవురు సూస్తాండారు?"

నేను చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. కోప్పడలేదు.

"ఆ లైబ్రరీకి తాళం ఏపిస్తే గానీ నువ్వు బాగుపడవు. సరే, నేనొకటి సెప్తా ఇను. ఆ నూటయాభై నేను యాడినుంచి తెస్తాండా అనుకుంటివి? ఒకటో తేదీ నుంచి బోర్డు మారతాది. మసాలా దోశ తొంబై అయిదు."

తొమ్మిది వందల యాభై. తొంభై అయిదు. కాగితం అక్కర్లేదు. పది.

వెనక నుంచి వడ మాస్టరు, "మళ్ళా పదేనా?" అన్నాడు నెమ్మదిగా. కొత్త మాస్టరు తల వంచుకున్నాడు.

"అంతకన్నా పెంచితే జనం పక్క హోటలుకు పోతారు" అన్నాడు ఓనరు. "నా బాడుగ నేను కట్టుకోవాల. ఈ బిల్డింగు కింది భాగం నాది కాదని మీకు తెల్సునో లేదో. ఆ గదులు కట్టకపోతే హోటలే ఉండదు." ఆయన మాటలో అబద్ధం లేదు. మాకు ఈ ఊళ్ళో పడక బరువైనట్టే ఆయనకు చోటు బరువైంది. అది తెలిసి ఇంకా బిత్తరపోయాను. నేను ఎవరి మీద అరవాలని వచ్చానో ఆ మనిషి అక్కడ లేడు.

చాలాసేపు ఎవరూ కదలలేదు. పొయ్యి వెలిగించే వేళ దాటుతోంది. బయట టిఫిను కోసం జనం చేరుతున్నారు. ఓనరు గడియారం వైపు, మా వైపు చూసి, చివరకు, "తిండి ఉండనీలే. మూడు పూటలూ ఈడనే తినండి. షెడ్డు మాత్రం అడగొద్దండి" అన్నాడు. అది మాకు దక్కింది. గది పంచుకుంటే, అంతా పోను రోజుకు డెబ్బై రూపాయలు మిగులుతాయి. ఒక దోశ కూడా రాదు.

గడువుకు ముందు రోజు తల్లీకూతుళ్ళు వచ్చారు. పాప సర్టిఫికెట్లు గుడ్డ సంచిలో పెట్టుకుని, మంచి బట్టలు వేసుకుని వచ్చింది. బస్టాండులో అరుగు మీద కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముగ్గురం ఈ ఊళ్ళో ఉండాలంటే నా జీతం బాడుగకు, సరుకులకే సరిపోతుంది. ఆరు నెలల అడ్వాన్సుకు, చదువు ఖర్చుకు ఏమీ మిగలదు. నేను చెబుతున్నంతసేపూ పాప సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"అయితే ఇంగేముండాది" అంది నా భార్య. "రేపట్నుంచి నాతో ఫ్యాక్టరీకి." గొంతు గట్టిగానే ఉంది కానీ మా ఇద్దరి వైపూ చూడలేదు.

పాప నన్ను అడిగింది. "నాయనా, నువ్వు మొదట ఈ ఊరికి వచ్చినప్పుడు నీకు పడక ఎవరిచ్చినారు?"

"హోటలోళ్ళే. షెడ్డులో."

"తిండి?"

"హోటల్లోనే."

"అయ్యి రెండూ వచ్చినాయి గనకనే నువ్వు ఈడ నిలబడినావు. మాకు దుడ్లు పంపించినావు. కాలేజీకి ఫోను చేసి అడిగినా, సర్కారు హాస్టల్లో ఇంగా చోటుండాదంట. పడక, తిండి వాళ్ళే ఇస్తారు. నాకు మాత్రం ఎందుకు వద్దు?"

నా భార్య ఒక్కసారిగా లేచింది. "అంతమంది నడుమ ఎట్ట పండుకుంటావే? నీకు దీపం ఉంటేనే నిద్ర పట్టదే!"

"నాయన పదిమంది గురకల నడుమ ముప్పై ఏండ్లు పండుకోలేదా? నువ్వు ఫ్యాక్టరీలో మిషను సప్పుడులో నిలబడుకోనే కునుకు తీస్తావంట కదా, పక్కింటి అత్త సెప్పింది."

నా భార్యకు కోపం రావలసింది. నవ్వు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నలుగురితో కలిసి తిండి తినేటప్పుడు సిగ్గుపడి సగం కడుపుతో లేస్తావు నువ్వు. అదే నా బాధ" అంది. పాప కడుపు నిండా తింటానని ఒట్టు పెట్టింది. ముగ్గురం లేచి కాలేజీ వైపు నడిచాం.

ఇప్పుడు పాప హాస్టల్లో ఉంది. నా భార్య ఊళ్ళోనే ఉంది, మామిడి కాలం అయిపోయి వేరే కూలికి పోతోంది. నేను ముగ్గురు మాస్టర్లతో కలిసి ఒక గదిలో ఉంటున్నాను. ఫ్యాను ఉంది, అయినా మధ్యాహ్నం గ్రంథాలయానికే పోతాను. ఒక ఇంట్లో ముగ్గురం ఉండాలనే కోరిక అలాగే ఉంది. జీతం పెరిగిందా అని ఎవరైనా అడిగితే నేనిప్పుడు వెంటనే జవాబు చెప్పను. ఏం కొనాలి నువ్వు అని తిరిగి అడుగుతాను. బియ్యం కొనేవాడికి పెరిగింది. నా జేబులో ఉన్న ఫోను అప్పట్లో మా ఓనరు దగ్గర కూడా లేదు, దాన్ని లెక్క వేసుకుంటే ఇంకా పెరిగింది. తలదాచుకునే చోటు కొనేవాడికి తగ్గింది. దోశతో కొలిస్తే, ఇన్నేళ్ళ నా బతుకూ పోసి చూసినా, కదల్లేదు. ఈ మూడూ ఒకే మనిషి జేబులో ఒకేసారి నిజమై ఉండటం నన్ను ఇప్పటికీ నిద్రలోంచి లేపుతుంది.

దీనికి సాయపడినవాళ్ళను తలుచుకోవాలి. అసలు పేర్లు రాయొద్దని వంటింట్లో అందరూ ఒక్క మాటగా చెప్పారు. మా దగ్గర పనే పేరు, కాబట్టి ఆ పేర్లతోనే రాస్తున్నాను. పది దోశల సంగతికి సాక్ష్యం చెప్పిన వడ మాస్టరుకు, నా ప్రతి లెక్కనూ ఎగతాళి చేసి మరోసారి చూసుకునేలా చేసిన పరోటా మాస్టరుకు, మొదటి దోశ నాకిచ్చిన కొత్త మాస్టరుకు. అట్ట లేని పుస్తకాన్ని పారేయకుండా ఉంచిన గ్రంథాలయాధికారికి, నన్ను నిద్ర లేపిన ఆ పాత అధికారికి కూడా. ఇల్లు తీసుకోకపోయినా పాత బాడుగ గుర్తు చేసుకుని చెప్పిన మేడ మీది ఇంటమ్మకు. నన్ను పనిలోంచి తీసేయని ఓనరుకు. ఓనరు దగ్గరకు పోయిన వారం కూలితో నేను టేబుళ్ళు తుడిచే ఇద్దరికీ రెండు దోశలు పోసి పెట్టాను. ఈసారి చప్పట్లు ఎందుకు లేవని అడిగి మరీ తిన్నారు, వాళ్ళకు. సొన చేతులతో నాతో పాటు మూడు ఇళ్ళూ తిరిగిన నా భార్యకు.

చివర నా కూతురికి. ఆదివారం దోశల పొట్లం తీసుకుని పోతే, హాస్టలు గేటు దగ్గర నిలబడి ఇదంతా చదివి, ఒత్తులు దిద్ది ఇచ్చింది. "నాయనా, దోశ, బియ్యం, గది అన్నిటితో కొలిచినావు. నా పడకతో కొలవలేదే?" అని అడిగింది.

"దానికి ధర రాసిన బోర్డు యాడుండాది పాపా" అన్నాను. ఆమె పొట్లం విప్పి, నేను చూస్తుండగా, కడుపు నిండా తినింది.